పుట్టీ ఆరేలోపు

మా ఇంట్లో అక్క లెక్కలు వేస్తుంది,
నేను అద్దాలు వేస్తాను.
లిన్‌షాపింగ్‌లో ఆ ఏడాది
రెండు పనులకీ కరువు లేదు.

అక్క పేరు ఇంగెగెర్డ్.
చీకటి విడకముందే సైకిలెక్కి
విమానాల ఫ్యాక్టరీకి పోయేది.
పిడి తిప్పే లెక్కల యంత్రాల ముందు
పన్నెండు మంది ఆడవాళ్లు, ఒకే వరస.
మగ్గాల చప్పుడులా ఉంటుందట.
వాళ్లు నేసేది రెక్క.

గాలి మెత్తనిది కాదురా, అంది ఒక రాత్రి
సూప్‌లో రొట్టె ముంచుకుంటూ.
మెల్లగా వెళ్తే పక్కకి తప్పుకుంటుంది.
మన చప్పుడుని మనమే దాటేంత వేగంగా వెళ్తే
తప్పుకోమన్న కబురు దానికి అందదు.
కబురందని గాలి గోడవుతుంది.

ఆ గోడ కోసం
రెక్కని వెనక్కి వంచారు, చాలలేదు.
పల్చన చేశారు, వణికింది.
చివరికి ఒళ్లేదో రెక్కేదో తెలియని
బాణం ములికిలాంటిది గీశారు.
మా భాషలో గాలిపటానికీ,
నిప్పులు కక్కే డ్రాగన్‌కీ ఒకటే మాట.
దానికి ఆ మాటే పేరు పెట్టారు.
రెండింట్లో ఏదని అడిగితే
"జీతం రోజున గాలిపటం" అంది అక్క.

మొదటిసారి నేను దాన్ని చూడలేదు, విన్నాను.
రోక్సెన్ సరస్సు మీద మంచు ఇంకా కరగలేదు.
ఎవరో కోపంగా తలుపు వేసి
పడలేదేమోనని మళ్లీ వేసినట్టు,
ధడ్, ధడ్.
తలెత్తేసరికి ఆకాశం కడిగిన పలక.
మెరుపు లేని ఉరుము.
చప్పుడు ఇప్పుడొచ్చింది గానీ
చేసినవాడు ఎప్పుడో పక్క జిల్లాలో ఉన్నాడు.

ముసలి హుల్దా ఫోను చేసింది.
టమాటాలు పెంచే గాజుల ఇల్లు,
నలభై ఒక్క పలకలు.
వజ్రపు మొనతో గీసి, విరిచి, పుట్టీ పెట్టి
మూడు రోజుల పని. బిల్లు సర్కారుకి.
పుట్టీ ఆరడానికి ఆరు వారాలు పడుతుంది.
ఆరేలోపు మళ్లీ ధడ్, ధడ్.
"ఎవరబ్బాయ్, ఈ పాపిష్టి లెక్క వేసింది?"
నా నోట్లో మేకులున్నాయి.
ఉన్నందుకు సంతోషించాను.

సెప్టెంబరులో ఒక గురువారం
పదింటికి రావాల్సిన చప్పుడు రాలేదు.
పదిన్నరయింది.
నిచ్చెన మీద, పలక చేత్తో పట్టుకుని
బతుకులో మొదటిసారి
ఎక్కడో ఒక అద్దం పగిలితే బాగుండనుకున్నాను.

నడిపింది సిక్స్‌టెన్ అట.
పెళ్లికి ముందు వంటింటి కిటికీ
మా కొట్లోనే చేయించుకున్నాడు.
పదిహేను క్రోనర్లు బాకీ.
ఖాతాలో ఆ గీతని
ఏం చేయాలో ఇప్పటికీ తెలియదు.

అక్క ఆ రాత్రి కోటు విప్పలేదు.
బల్ల మీది రొట్టె పొడి పక్కకి తోసి
ఎనిమిది వందల అంకెలు మొదటి నుంచి వేసింది.
ఇంజిను ఊపిరి పీల్చే చోట
ఎక్కడో తప్పుంటుంది,
నాదే అయ్యుండాలి,
నాదైతే దిద్దగలను, అంది.
తెల్లారేదాకా ఒక్క తప్పూ దొరకలేదు.
అప్పుడు ఏడ్చింది.

సొరంగంలో మళ్లీ గాలి వదిలారు.
చెక్క నమూనాకి దారప్పోగులు అంటించి
ఏ పోగు ఎటు ఒణికిందో రాసుకున్నారు.
గాలి లోపలికి పోయే పెదవిని
రెండు వేళ్ల మేర ముందుకి జరిపారు.
ఇంత చిన్నదా, అన్నాను.
అక్క నా వైపు చూసింది, అంతే.
ఆ చలికాలం నాకు పని లేదు.
హుల్దా గాజుల ఇంట్లో పుట్టీ
తొలిసారి పూర్తిగా ఆరింది.

మే నెలలో, బట్టలారేస్తుంటే,
ధడ్, ధడ్.
అక్క చేతిలో దుప్పటి కింద పడింది.
తీసి, దులిపి, తీగ మీద వేసింది.

హుల్దా దగ్గర మూడే పగిలాయి.
"ఈసారి మర్యాదగా వెళ్లాడు" అంది.
బుట్టలో టమాటాలు పెట్టి
"మీ అక్కకివ్వు" అంది.
అక్క సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

ఇంట్లో అక్క ఒక పండు తీసింది.
తొడిమ దగ్గర చిన్న గాజు పెంకు,
మూడు మూలలది.
దీపానికి అడ్డంగా పట్టుకుని
చాలాసేపు చూసింది.
తర్వాత ఉప్పు అడిగింది.