పోటెంత?

పదిహేడు, అన్నారు డాక్టరమ్మ
కూడిక గీత కింద గుండ్రం చుట్టి.
పోయినసారి ముప్పై ఒకటండి మీకు.
ఆవిడ మొహం చూస్తే
సొంత కూతురికి మార్కులొచ్చినట్టుంది.

అరవై ఎనిమిది చోట్ల నొక్కారు.
దవడ దగ్గర మొదలెట్టి భుజం, మోచెయ్యి, మణికట్టు,
ఒక్కో వేలూ కణుపు కణుపునా.
ఆవిడ గోరు తెల్లబడేదాకా నొక్కుతారు,
అంతకు మించి నొక్కరు. అదీ కొలతేనంట.
నొప్పి ఒక గడి. వాపు ఇంకో గడి.
నేనూ లోపల్లోపల లెక్కెట్టుకుంటానే ఉన్నాను,
ముప్పై ఏళ్ళు లేసల్లినదాన్ని,
ఒక్క కుట్టు తప్పితే పువ్వు మెలి తిరుగుద్దని తెలిసినదాన్ని.

కుడికాలి నాలుగో వేలు
చక్కెరకేళి పండులా ఉబ్బి ఉంది.
వేలంతా ఒకటే సలుపు.
కణుపుకి ఒకటి చొప్పున రెండేశారు.

గోళ్ళ మీద గుంటలు
రెండేళ్ళపాటు కొక్కెం సూది గుచ్చుకున్నవే అనుకున్నాను.
మోచేతి మీది పొలుసులు దారం మీద రాలితే
తెలుపు మీద తెలుపు, ఎవరికీ కనపడదు.
నాకు కనపడుద్ది.
ఏజెంటు చిట్టబ్బాయి నా పువ్వుల్ని
రెండు వేళ్ళతో ఎత్తి, దులిపి, సంచిలో వేసిన రోజున
ఆయనకీ కనపడింది.
ఆ దులపడానికి గడి లేదు.

తర్వాత గీత.
జానెడు లేదు. ఆ చివర ఏమీ లేదు, ఈ చివర భరించలేను.
"ఈ వారం మొత్తమ్మీద ఎలా ఉంది మంగతాయారు గారూ,
ఒక్క గుర్తు పెట్టండి."
ఒక్కటా?
తెల్లారుజాము ఐదింటిదా, మధ్యాహ్నం రెండింటిదా?
పొద్దున్నే వేళ్ళు పాలబండి హారనుకి విచ్చుకోవు,
స్కూలు ఆటోకి విచ్చుకోవు,
ఎదురింటి వెంకాయమ్మ పచ్చడి రుబ్బడం అయ్యి
రోలు కడిగేసరికి
ఒక్కోటీ, అల్లిక ఊడుతున్నట్టు, వదులవుతాయి.
తొంభై నిమిషాలు అని రాసుకున్నారు.

నేనొచ్చేది సఖినేటిపల్లి నుంచి, పంటు మీద.
మా వైపు ఏటికొచ్చేదీ పోటే, ఒంటికొచ్చేదీ పోటే.
రేవులో గుంజకి నాచు పట్టిన చోటు చూసి
సరంగు చెప్పేస్తాడు, పోటెంతో, ఇంకెంతసేపో.
ఈ ఒంటి మీద నాచు గీత ఎక్కడుందో
నాకే తెలీదు, ఆవిడకేం చూపిస్తాను?

చెయ్యి ఏడు దగ్గరికెళ్ళింది.
ఏడు పెడితే సూదిమందు మారుస్తారు.
మారిస్తే దాని ఖరీదు నాలుగు నెల్ల లేసు.
అదొకటే కాదు,
ఆవిడ అప్పటికే వాపుల గడి చూసి
నవ్వుమొహం పెట్టేసుకున్నారు.
నాలుగు మీద పెట్టాను.
గుర్తు వంకరగా పడింది,
వేరేవాళ్ళ సంతకంలా.

అలాగని అబద్ధమూ కాదండి.
పోయినేడు దువ్వెన పట్టలేదు నేను,
మా చెల్లెలు నూకాలు జడేసేది.
ఈ నెల్లో కప్పు కింద వేసే పువ్వొకటి అల్లాను,
అరచేతి వెడల్పు. రెండ్రోజుల పని.
తొమ్మిది రోజులు పట్టింది.
మెలి తిరగలేదు.
ఆ తొమ్మిదిని ఎవరూ కూడలేదు, నేనూ చెప్పలేదు.

పద్నాలుగు లోపుకి తెచ్చేద్దాం, అన్నారావిడ.
ఆయ్, అన్నాను.

సాయంత్రానికి ఏట్లో పాటు.
నీళ్ళు లాగేసి గట్టు పైకి లేచిపోయింది,
పలక నిట్రంగా వేశారు.
ఎక్కబోతే ఎడం మడమలో మేకు దిగినట్టయింది.
అప్పుడు గుర్తొచ్చింది,
మడమ ఆ అరవై ఎనిమిదిలో లేదు.
ఆవిడ నొక్కలేదు.
ఇంక మళ్ళీ మూడు నెల్లకే.

సరంగు చెయ్యందించాడు.
వేళ్ళు కాదు బాబూ, అన్నాను.
మోచెయ్యి పట్టుకున్నాడు,
పొలుసుల మీదే.