రాయని మూడేండ్లు

దలాల్‌కు పరీక్ష. నాకు ఇరవై రెండు దిష్‌దాషాలు.
ఇస్త్రీ గదిలో చల్లగుంటుందని
పుస్తకం ఎత్తుకొని ఈడికే వస్తాది.
తాను ఇంగ్లీషులో చదివి
నాకు అరబ్బీలో చెప్తాది.
నేను తెలుగులో వింటా.

రెండొందల ఏండ్ల కిందట
ఎప్పుడూ వాన కురిసే ఊర్లో ఒక యమ్మ అంట.
గుండీలు చేసేవాని కూతురు.
పెండ్లి కాలేదు. ఎందుకంటే
పుస్తకంలో లేదనింది దలాల్.
చాకలి పద్దు వెనకపక్క కథ రాసేదంట,
ఇన్ని దుప్పట్లు, ఇన్ని మేజోళ్లు,
తిప్పితే ఒక పడుచుపిల్ల, ఒక ఉత్తరం, మూసిన తలుపు.

మొదటి నవల ఒక కోటు ధరకు అమ్ముకునింది.
అట్ట మీద పేరు లేదు.
రెండోదానికి మగపేరు తగిలించినారు.
నాలుగోదానికి గాని
ఆ యమ్మ పేరు ఆ యమ్మకు దొరకలేదు.
కాలరు మీద నీళ్లు చల్లుతా నవ్వినా.
బతాకా మీద నేను ఓబులమ్మను కాను, ఒబెలామ.
పదకొండేండ్లుగా దానికే పలుకుతాండా.

ఐదో నవల తర్వాత, దలాల్ వేలు పెట్టి చదివింది,
తల్లికి పక్షవాతం.
మూడేండ్లు ఏమీ రాయలేదు.
పరీక్షకు వచ్చేది అదేనంట:
ఎందుకు రాయలేదు? ఐదు మార్కులు.

ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టినా.
రాయలేదంటారేంది?
ముసలామెను ఆ పక్కకు తిప్పి
వీపుకు పౌడరు అద్ది
మళ్లా ఈ పక్కకు తిప్పేదానికి
ఎంతసేపు పడతాదో ఆ పుస్తకమోళ్లకు తెల్సా?
మీ నాయనమ్మను నాలుగేండ్లు తిప్పినా నేను.
పని చేతులకు. తలకాయకు గాదు గదా.
కాగితం మీద రాయలేదు, అంతే.

ఆ పిల్లకు చెప్పలేదు గాని
ఆ నాలుగేండ్లలోనే నా సుంకులమ్మ పుట్టింది.
మెట్ల కింద గదిలో, రాత్రి పదకొండున్నరకు
ఫోను నోటికాడ పెట్టుకొని గుసగుసగా
రెండు నిమిషాలు, ఒక్కోసారి మూడు.
జహ్రాలో గంగులమ్మ వింటాది,
మంగాఫ్‌లో మస్తానమ్మ, ఫహాహీల్‌లో రాహేలు.
సుంకులమ్మ బోరింగు కాడ ఎవర్నో చూసి బిందె వదిలేసింది.
అక్కడ ఆపితే
తెల్లారి బాంగుకు ముందే రాహేలు గొంతు:
"సంపుతా నిన్ను. ఎవురే అది?"
నాకూ తెలీదు.
అంట్లు తోమేటప్పుడు తెలుస్తాది.

ఆ యమ్మ ఆరోది కూడా రాసి పోయిందంట.
సమాధి రాయి మీద
ఫలానా ఆయన చెల్లెలు అని చెక్కినారంట.
అన్న ఏం చేసేటోడని అడిగినా.
దలాల్ పేజీలు తిప్పింది, తిప్పింది.
గుండీలే అయ్యుంటాయిలే.

"మరి ఐదు మార్కులకు ఏం రాసేది?"
నేను చెప్పింది రాస్తే సున్నా వేస్తారు బిడ్డా.
రెండు వాక్యాలు రాసింది. కొట్టేసింది.
బయట దుమ్ము లేచింది,
అద్దాల మీద అంతా ఎర్రగా.

ఇంకా తొమ్మిది దిష్‌దాషాలు.
ఒకదాని గుండీ ఊడి చేతికొచ్చింది.
దారం పంటితో తెంపి సూదికెక్కిస్తా ఉంటే
బోరింగు కాడ నిలబడినోని
చొక్కా కనపడింది ముందు.
మొగం ఇంకా రాలేదు.