మిరపకాయ తప్పు కాదంట

ఆదోని బస్టాండు కాడ
పద్దెనిమిదేండ్లు ఉగ్గాని బజ్జీ అమ్మితి.
రెండేండ్లుగా నా కడుపులో ఇంకో బాండ్లి కాగుతాండె.

గ్యాసు, అనె మెడికల్ షాపు పిల్లోడు.
సోడా తాగు, అనె కండక్టరు ఈరన్న.
దిష్టి, అని మా ఆడబిడ్డ
ఉప్పూ మిరపకాయలూ తిప్పి నా పొయ్యిలోనే ఏసె.
"అంత కారం పిసికే చేతులు,
లోపలికి దిగకుండా ఉంటాదా?"
అనె మా ఇంటాయన రంజానప్ప.
అవునేమో అనుకుంటి.
నా బజ్జీ నేను తినేది ఇడిస్తి.

ఒగ దినం నల్లగా, తారు మాదిరి పాయె.
సిగ్గుతో ఎవరికీ చెప్పలే.
మూడో దినం బాండ్లి పక్కనే కూలబడితి.

కర్నూలు పెద్దాస్పత్రి.
రాత్రి నుంచి ఎంగిలి పడలే.
గొంతులో చేదు మందు కొట్టిరి,
నాలిక నాది కాకపాయె.
ఎడమపక్కకు పండబెట్టి
పండ్ల నడుమ ప్లాస్టిక్ కడియం పెట్టి
వేలంత లావు నల్ల గొట్టం.
మింగమ్మా, మింగు, అనె మారెప్ప.
ఓకరింత. కండ్లలో నీళ్ళు.
ఐదు నిమిషాలేనంట.
నాకైతే బళ్ళారి బస్సు కోసం కాసుకున్నంత సేపు.

తెర మీద సూస్తి:
బెలుం గుహల్లోకి టార్చిలైటు పోయినట్ల
తడి గోడలు, మలుపులు,
ఒక మూల
తెల్లగా, అంచు ఎర్రగా
రూపాయి బిళ్ళంత పుండు.

రెండేండ్లు అందరూ గడప బయటే నిలబడి
లోపల ఏముందో చెప్పిరి.
ఈ గొట్టం ఒక్కటే
తలుపు తీసుకొని పోయి సూసె.

"మోకాళ్ళకు ఏమన్నా మింగుతావా?"
అడిగె డాక్టరమ్మ.
పచ్చ రేకు మాత్రలు, తల్లీ.
తెల్లారి నాలుగ్గంటలకు, ఖాళీ కడుపున,
నూనె కాడ నిలబడాల గదా.
"ఎన్నాళ్ళ నుంచి?"
రేకు మూడు రూపాయలప్పటి నుంచి.
ఆమె నవ్వలే.
"మిరపకాయ చేసిన పని కాదమ్మా ఇది.
ఆ మాత్ర."

గోరంత తునక గిల్లి సీసాలో ఏసిరి,
చెడ్డ జబ్బో కాదో తేల్చేకి.
ఆ వారం సంగతి అడగొద్దు.
కాదంట.

నాలుగు బొమ్మల రంగు కాయితం
బొరుగుల డబ్బాలో దాచినా.
రంజానప్ప తిప్పి తిప్పి సూసి
"పగిలిన అంజూరపండు" అనె.

మోకాళ్ళు ఇంకా నొస్తానే ఉండాయి.
స్టూలు ఏసుకొని కూర్చొని కాలుస్తాండా.
మందులు అయిపోయిన మర్నాడు
తొడిమె పట్టుకొని
ఒగ బజ్జీ కొరికితి.

కారం.
వట్టి కారమే.