పన్నెండు వేల లోపు

చూడనంతసేపూ నేను మంచి షూటర్నే.
యాభై మీటర్ల అవతల నల్లటి గుండ్రంలో
పాయింట్ టూ టూ పొడిచే చిల్లు
మిరియపు గింజంత.
నలుపులో నల్ల మిరియం.
నా మనసుకి ప్రతిదీ పదే,
మూడో లేన్ గిల్బర్ట్ గారు తన స్కోప్ లోకి వంగి
"ఏడమ్మా. కింద, ఎడమ" అని
జాలిగా చెప్పేదాకా.

ఆయన స్కోప్ ఖరీదు నా నాలుగు నెలల జీతం.
ఎన్నాళ్ళని ఒకరి కన్ను అప్పు తెచ్చుకోను?
చీటీ పాడాను.
చేతికొచ్చింది పన్నెండు వేలు,
స్టాండుతో సహా అందులోనే.

ప్యారీస్ కార్నర్ వెనక సందులో
కాంతిలాల్ సేటు మూడు డబ్బాలు బల్లమీద పరిచి
"ఇది అరవై రెట్లు మేడమ్,
చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయి" అన్నాడు.
నేను కాల్చేది చంద్రుణ్ణి కాదు సేటూ.

పెరంబూరు మందుల షాపులో పందొమ్మిదేళ్ళుగా
వెండిరేకు మీద వెలిసిన తేదీలు చదివిన కళ్ళు నావి.
పరీక్ష ఎట్లా పెట్టాలో తెలుసు.
సంచిలోంచి మాత్రల స్ట్రిప్ తీసి
కొట్టు కుర్రాడు ఇళంగోకిచ్చాను.
"ఈ మేడ మీంచి పక్క మేడ మీదికి పో తమ్ముడూ,
అరవై ఆరు అడుగులు లెక్కపెట్టుకో.
కొన్ని మాత్రలు నొక్కి తీసెయ్. ఎన్నో చెప్పకు."
వాడు నన్నూ సేటునీ మార్చి మార్చి చూసి వెళ్ళాడు.

మొదటిదాన్ని అరవైకి తిప్పితే
అంతా పల్చటి మజ్జిగ,
అందులో ఇళంగో వేళ్ళు ఈదుతున్నాయి.
ఇరవైకి తగ్గిస్తే కాస్త నయం,
కానీ రేకు చుట్టూ ఎవరో ఊదారంగు అంచు కుట్టారు.

రెండోది తేట. తిన్నటి గొట్టం.
పద్నాలుగు వందలు తక్కువ కూడా.
కాలుతున్న మేడ మీద చున్నీ పరుచుకుని
బోర్లా పడుకుని చూశాను.
ప్రతి గుండుకీ మెడ ఎత్తాలి,
మోచేయి జరగాలి, కుదిరిన ఒళ్ళు చెదరాలి.
ఆ పద్నాలుగు వందలూ
ఇది నా మెడ దగ్గర వసూలు చేస్తుంది.

మూడోది కంటి దగ్గర వంగి ఉంది, పంపు మూతిలా.
ఊరూపేరూ లేని కంపెనీ.
తిప్పే చక్రం కొత్త టానిక్ సీసా మూతలా బిగుసు.
ఇరవై దగ్గర ఆపి, ఊపిరి ఆపి చూస్తే
చిరిగిన రేకు అంచులు తెల్లగా లేచి,
పదిలో నాలుగు లేవు.
తేదీ మాత్రం కనపళ్ళేదు.
పోనీ, చిల్లుకి గడువు తేదీ ఉండదు కదా.
"నాలుగు!" అని అరిచాను.
అవతలి మేడ మీంచి "అయిదు మేడమ్!"
ఒకటి వాడి బొటనవేలి కింద ఉంది.

బేరం తెగింది తొమ్మిదివేల మూడొందలకి.
స్టాండు ఒక పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ వదిలేసింది,
మూడో కాలికి టేపు చుట్టిన బ్యాండేజీ.
మిగిలింది గుండ్లకి.

దేవసహాయం సార్ తమిళంలో కురి అంటారు, నేను గురి అంటాను.
ఒకే మాట.
మా మాటకి మాత్రం నమ్మకమనే అర్థం కూడా ఉంది.
ఫలానా డాక్టరు మీదే గురి, ఫలానా బిళ్ళ మీదే గురి అని
కౌంటరు దగ్గర రోజూ వింటాను.
నా మీద నాకు గురి ఉందో లేదో
ఎవరూ అడగలేదు.

ఆదివారం. మొదటి గుండు ఎనిమిది, కుడి.
ఎవరూ చెప్పలేదు, నేనే చూశాను.
రెండోదీ ఎనిమిది, మళ్ళీ కుడి.
పదకొండయ్యేసరికి నేల మరుగుతోంది.
చక్రాన్ని వెంట్రుకవాసి వెనక్కి తిప్పమన్నారు సార్.
చిల్లు చెదిరిపోయి
దాని ముందు గాలి కనిపించింది,
ఇసుక మీద పారే కొద్ది నీళ్ళలా
ఎడమ నుంచి కుడికి, కుడికి, ఆగి, మళ్ళీ కుడికి.
ఇన్నాళ్ళూ నా తప్పనుకున్నదాంట్లో సగం దీనిది.
మిగతా సగం నాదే.
అదీ తేటగానే ఉంది.

గాలి ఆగేదాకా ఆగి
ఇంకొకటి వదిలాను.
గిల్బర్ట్ గారు అలవాటుగా మెడ తిప్పి
"ఎంత?" అన్నారు.
స్కోపు ధరో, గుండు సంగతో.

తొమ్మిదీ చిల్లర, అన్నాను.