పదమూడున్నర నంబరు తీగ

బండి కుంటుతోందని షోఘిక్ అత్తకి చెవులే చెప్పాయి.
అఖుర్యాన్ బడిలో పియానోకి శ్రుతి చేసి వస్తూ
ఎత్తు ఎక్కే దగ్గర రేడియో కట్టేసి వింది.
"నాలుగింట్లో ఒకటి నోరు విప్పడం లేదు" అంది.

ఆదివారం. గ్యుమ్రీలో రాత్రంతా మంచు.
నల్లరాతి గోడల మీద ఎవరో పిండి జల్లి మరిచిపోయినట్టుంది.
రేకుల గ్యారేజీలో నీవా బోనెట్ ఎత్తి
టార్చి నా చేతిలో పెట్టింది.
పదకొండేళ్ల వాడికి అక్కడున్న ఉద్యోగం అదొక్కటే.
"నేను చూసే చోటికి పట్టు.
నువ్వు చూసే చోటికి కాదు."

సైకిలు పంపుతో ప్లగ్గుల చుట్టూ గాలి కొట్టింది.
ఇసుక రేణువొకటి లోపల పడిందంటే
సిలిండరు బతికినన్నాళ్లూ గీరుకుంటూనే ఉంటుందట.
లాగే ముందు ఒక్కో కేబులుకీ ఒక ఉన్నిదారం కట్టింది,
ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు,
నా పాత మేజోడు విప్పిన దారాలే.

రెంచి కిర్రుమంది.
మొదటిది కాల్చిన రొట్టె రంగు. రెండోదీ అంతే.
"వీళ్లకేం, బానే తింటున్నారు."
మూడోది మాత్రం
మసి పట్టి, తడిసి, పచ్చి పెట్రోలు వాసన.
దాన్ని నా ముక్కు దగ్గర పెట్టి
"వీడు అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాడు, పొయ్యి వెలగలేదు" అంది.
నాలుగోదాని సంగతి నాకు గుర్తు లేదు.
అప్పుడే రెండు దారాలు జారి నూనెలో పడ్డాయి.
అత్త వెనక్కి తిరిగి సంచీ వెతుకుతోంది.
నేనే తీసి కట్టాను.
చెప్పలేదు.

కొత్త ప్లగ్గుల కొసన ఎడం కొలవాలి.
మిల్లీమీటరుని పది చేస్తే అందులో ఎనిమిది.
కొలిచే రేకుల కట్టని పోయిన వేసవిలో రజ్మిక్ అడిగి తీసుకెళ్లాడు,
రజ్మిక్ తీసుకెళ్లినవి తిరిగొచ్చిన దాఖలా లేదు.
అత్త సంచీలోంచి పియానో తీగ చుట్ట తీసింది,
కాగితం మీద పదమూడున్నర అని రాసుంది.
"సరిగ్గా ఇంతే లావు" అని
తీగని ఆ సందులో ఆడించింది,
గట్టిగా కాదు, వదులుగా కాదు,
వెన్నలోంచి దారం లాగినట్టు.

బిగించడం మాత్రం రెంచితో కాదు, మొదట.
ప్లగ్గు తలకి రబ్బరు గొట్టం తొడిగి వేళ్లతో తిప్పింది.
మర అడ్డం పడితే గొట్టం జారి ఊరుకుంటుంది,
రెంచికి ఆ సిగ్గు లేదు, చెక్కేస్తుంది.
వేళ్లకి ఇక చాలనిపించాక
రెంచితో పావు మలుపు.
శ్రుతి చేసేటప్పుడు ఆమె మణికట్టు
అక్కడే ఆగడం చూశాను చాలాసార్లు.

తాళం తిప్పింది.

ఇంజను తుమ్మింది. ఫట్‌మని పేలింది.
రేకు కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారే లేచాయి,
పై అంతస్తు నుంచి వర్సెనిక్ అమ్మమ్మ
ఏ యుద్ధమో అని కిటికీ తెరిచి తిట్టింది.
అత్త తల వంచి విని, ఆపేసింది.
"ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంట్లో పిలుపు వరస అది.
ఎవరో ఇద్దరు చోట్లు మార్చుకున్నారు."
నేనేం మాట్లాడలేదు.
ఆమె నన్ను చూడలేదు, ఇంజను వైపే చూసింది.
టార్చి వెలుగు అప్పటికే అక్కడుంది,
నేను చూస్తున్న చోట:
పసుపు, తెలుపు.
నూనె తాగాక ఆ వెలుగులో రెండూ ఒకటే రంగు.

తిట్టలేదు. కేబుళ్లు మార్చి
నా అరచెయ్యి తీసి బండి రెక్క మీద బోర్లించింది.
"లెక్కపెట్టు."
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
మూడు దగ్గర నా గొంతు కొంచెం పైకి లేచిందట,
"నలుగురికీ ఒకే బలం ఇవ్వు" అంది.

మసిపట్టిన పాతది నా కోటు జేబులో ఉంది.
పెట్రోలు ఖరీదు పైసా పైసా తెలిసిన మనిషి
ఇంజను వెంటనే ఆపలేదు.
ఇంకో రెండు నిమిషాలు
ఊరికే విన్నాం.