నడిమి పురుగు

అల్ ఐన్‌ల మురికినీళ్లు కడిగే ప్లాంటు,
మూడో నంబరు జాలి మీద నా డ్యూటీ.
పొడుగు చీపురుతోటి దినాం నేను ఊడ్చేది
ఎర్రగ, తెగిన దారం ముక్కల లెక్క మెలికలు తిరిగే పురుగుల్ని.
రూముల చెప్తే ముద్ద నోటికాడ ఆగిపోతది.

ఫర్గస్ సారుకు మాత్రం అవి కనబడితే పండుగ.
మోకాళ్ల మీద కూసొని, జాలికి ముక్కు ఆనిచ్చి,
సగం హిందీల, సగం చేతులతోటి:
"అంబయ్యా, ఇది పిల్ల. పెద్దయినంక ఎగురుతది,
దోమ తీరుగుంటది గని కుట్టది.
ఈ రెంటి నడుమ ఒకటుంటది, సూడు."
అగ్గిపుల్ల కొనతోటి లేపిండు.
కొడవలి లెక్క వంగి ఉన్నది.
తలకాడ తెల్లటి కుచ్చు. అదే దాని ఊపిరి.

వాళ్ల దేశంల ట్రౌట్ అని చేప ఉంటదంట.
ఒంటి నిండ చుక్కలు, చేతులు కొంకర్లు పోయే నీళ్లల్ల కాపురం.
గాలి పడిపోయి చెరువు కదలనప్పుడు
అది పిల్లను ముట్టదు, ఎగిరేదాన్ని ముట్టదు.
పైకి పోతూ పోతూ
నీటి పొర కింద ఆగిపోయిన నడిమిదాన్నే
నిమ్మళంగ, పెదివితోటి, అందుకుంటదంట.

నాది సిరిసిల్ల. పదహారేండ్లు సాంచెల కాడ
తెగిన పోగు అతికిన వేళ్లు ఇవి.
బియ్యపు గింజంత కొక్కేన్ని పట్టుకారుకు బిగిచ్చి
సారు నా ముందర పెట్టిండు.
కాలిపోయిన పంపు మోటరు విప్పి రాగి తీగ తెచ్చిన, కణుపులకు.
యూనిఫారం అంచు ఊడదీసి నారింజ దారం, ముడుచుకున్న రెక్కలకు.
కొంగ ఈకల నూగు, ఊపిరికి.
పైన మెరుపుకు గోళ్లరంగు, రంగు లేనిది,
క్లినిక్కుల ఫిలిపీన్ నర్సమ్మ నవ్వుకుంట ఇచ్చింది.
మొదటిది బొద్దింక అయింది.
నలభయ్యోదానికి ఒంపు వచ్చింది.
గ్లాసు నీళ్లల్ల ఏసి సారు చానాసేపు మాట్లాడలే.

శుక్రవారం, జాఖిర్ చెరువు గట్టు.
మేం కడిగిన నీళ్లే ఇసుక తాగలేక ఇట్ల చెరువైనయంటరు.
ట్రౌట్ యాడిది, తిలాపియా ఉన్నది.
"గుంజకు" అన్నడు. "యేలాడనియ్.
గాలి నడిపిస్తది. దారాన్ని సూడు, చేపను సూడకు."
నాకు గుంజాలని చేతి దురద.
పోగు తెగే ముందర సాంచె ఒక్కపాలి సప్పుడు మార్చినట్టు
దారం ఆగింది.
అరచెయ్యంత చేప. సారు కొక్కెం తీసి నీళ్లల్లకే విడిచిండు.
పులుసు పోయిందని లస్మన్న మూడు దినాలు తిట్టిండు నన్ను.

సారు కాంట్రాక్టు అయిపోయింది.
పట్టుకారు నాకిచ్చి పోయిండు.
పిప్పరమెంటు డబ్బల రెండు డజన్లు కట్టి పంపిన.
చలికాలం ఫోన్ల ఫొటో వచ్చింది:
మంచు పడ్డ టోపీ, రెండు చేతుల నడుమ చుక్కల చేప,
దాని మూతి మూలకు నారింజ చుక్క.
నా అంగీ దారం
నేనెన్నడు ఎరగని చలిల తడుస్తున్నది.
రూముల అందరికి చూపిచ్చిన.
"తిన్నడా?" అన్నడు లస్మన్న.
విడిచిండని చెప్పబుద్ధి కాలే. తిన్నడన్న.

ఇయ్యాల పొద్దుగాల జాలి నిండ తొక్కలు.
ఈపు కాడ నిలువుగ చీలినయి, ఊదితే లేస్తయి.
చీపురు పెట్టే ముందు లెక్కబెట్టుడు అలవాటైంది.
తొక్క ఉన్నదంటే ఎగిరిపోయినట్టు.
చేప నోట్లె పడ్డదానికి తొక్క మిగలదు.

లస్మన్న యూనిఫారం మొన్న స్టోరుల జమైంది,
ఉతికి, మడతబెట్టి, సంతకం చేసి.
మల్యాల పోరనిది మాత్రం
ఎవ్వలు వాపసియ్యలే.

నలభై ఏడు, నలభై ఎనిమిది.
జాలి అవతల నీళ్లు కదుల్తలేవు.