రెండు బోర్డులకి ఒక బిల్లు

రాయగడ రైల్వే గేటు అవతల
పంచర్ల కొట్టుకీ జెరాక్సు షాపుకీ మధ్య
ఆరడుగుల వెడల్పు నాది.
తెలుగువాళ్ళు అక్కా అంటారు, ఒడియావాళ్ళు అపా అంటారు,
కరెంటోళ్ళు మాత్రం మీటరు నంబరుతో పిలుస్తారు.

నిన్న సాయంత్రం ఇద్దరు హాస్టలు కుర్రాళ్ళు,
చెరో చేతిలో చెరో చచ్చిన ఆటడబ్బా.
జితు హికాకాది దాల్మా గిన్నెలో పడిందట.
బొడ్డేపల్లి దిలీశ్వరుడిది
లారీవాళ్ళ చార్జరు పెడితే కమురు వాసనొచ్చిందట.
"రెండూ బాగవ్వాలక్కా, సోమవారం పోటీ ఉంది."

మూతలు విప్పాను.
దాల్మాలో మునిగినదాని మీద పచ్చటి చిలుము,
పసుపింకా వదల్లేదు.
కెపాసిటర్ల వరసలో ఒక ఆవగింజ
తనదీ ఏదో ఉద్యోగమే అన్నట్టు కూచునుంది.
ప్రాసెసరు కాళ్ళు ఉప్పు తినేసింది.
మెమరీ చిప్పుకి మాత్రం ఏమీ కాలేదు.
రెండోదాన్లో అన్నీ సుబ్బరంగా ఉన్నాయి,
మెమరీ చిప్పు నడినెత్తిన
చీమ కుట్టినంత పొక్కు.

"రెండూ అవ్వవు. రెంటిలోంచి ఒకటి అవుద్ది."
ఒకే సీటున్న బస్సు ముందు నిలబడ్డట్టు
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చుట్టూ టేపు అతికించాను, మడికి గట్టు వేసినట్టు.
ఫ్లక్సు కాగి గుగ్గిలం వాసనొచ్చింది,
పేపరుమిల్లు గాలి దాన్నీ తనలో కలిపేసుకుంది.
వేడిగాలి తొందరపడితే బోర్డు పూరీలా పొంగుతుంది,
మరీ నానిస్తే పక్కనున్న చిన్నాచితకా
నిద్రలో పిల్లల్లా పక్కలోంచి దొర్లిపోతాయి.
పట్టకారు మొనతో ముట్టి చూస్తాను.
కట్టు విప్పిన పడవలా చిప్పు ఊగిందా,
అడుగున సీసం నీరయింది.
అప్పుడు లేపాలి.
అప్పుడే లేపాలి.

తర్వాత జల్లెడరేకు,
చోడిగింజలో పదో వంతు గుళ్ళు,
రెండువందల గుంటల్లో రెండువందలు.
నూట డెబ్భై ఆరు దగ్గర జితుకి తుమ్మొచ్చింది.
మళ్ళీ ఒకటి నుంచి.

మొదటిసారి స్క్రీను మీద చారలు, వెంటనే చీకటి.
రెండోసారి గాలి పెట్టానో లేదో కరెంటు పోయింది.
చెయ్యి తియ్యలేదు.
మిల్లులో మీటర్లు బాగుచేసిన మా పెదనాన్న అనేవాడు,
చల్లారేదాన్ని కదిపావంటే
అతుకు మసకేస్తుందే, అమ్మడూ అని.
ఆయన చెవులు వినబడక
ప్రతిమాటా రెండుసార్లు చెప్పేవాడు.
నేను అందుకే నేర్చుకున్నానేమో.

ఆ చీకట్లో జితు అడిగాడు:
"నా ఆటలన్నీ దాన్లోనే ఉన్నాయి కదా అపా?"
లేవురా. ఇది ఆ రకం జ్ఞాపకం కాదు.
కరెంటున్నంతసేపే గుర్తు,
స్విచ్చి ఆపితే పలక తుడిచినట్టే.
దాచుకున్న ఆటలు వేరే చిప్పులో ఉంటాయి,
ఈ బోర్డు మీదున్నవి దిలీశ్వరుడివి.
"మరి నేనేం ఇచ్చినట్టు?"
ఆడుతున్నప్పుడు మాత్రమే ఉండేది, అన్నాను.
తప్పించుకోడానికే అన్నాను.
వాడు నిజంగా ఆలోచించాడు,
ఇన్వర్టరు కిర్రుమనే దాకా.

మూడోసారి కాల్చితే చిప్పు దక్కదు.
కాల్చాను.
నీలం వెలుగు, చిన్న గంట చప్పుడు,
ఏడో చుట్టులో ఆగిపోయిన దిలీశ్వరుడి ఎర్రకారు.
ఇద్దరి బొటనవేళ్ళూ ఒకేసారి లేచాయి.
దిలీశ్వరుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఇష్టం లేకుండానే.
జితు ఆ కారుని మొదటి మలుపులోనే గోడకి కొట్టాడు.
"ఒరేయ్!" అన్న కేక
పంచర్ల కొట్టు దాకా వినిపించింది.

బిల్లెవరి పేరు మీద అంటే తేల్చుకోలేకపోయారు.
రెండు పేర్లూ రాసి ఆరువందలు వేశాను.
పది నోట్లు, చిల్లర, నలభై తక్కువ.
వారానికొకరని మెట్లు దిగుతూ ఒప్పుకున్నారు,
వారం ఏ రోజు మొదలవుద్దని
గేటు దగ్గర దెబ్బలాడుకుంటున్నారు.

బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది.
ఎప్పుడూ ఒకటి మిగులుతుంది.
ఉప్పు తిన్న బోర్డుని సొరుగులో పెట్టాను,
ఆవగింజని తియ్యలేదు.